వానలు ముదరకముందే ఎడిటింగ్ స్టోరేజీ చూసుకోండి

దసరా, సంక్రాంతి సినిమాల ఎడిటింగ్ ఊపందుకునే నెలల్లోనే హైదరాబాద్‌లో వానలూ ముదురుతాయి. నలుగురు ఎడిటర్లు ఒకే స్టోరేజీ మీద పనిచేసే చోట ఏర్పాట్లు జూన్‌లోపే ముగించాలి. విడుదల తేదీ దగ్గరపడ్డాక ఆ స్టోరేజీ ఉన్న సర్వర్ విప్పడమంత ప్రమాదం లేదు.

కొనేముందు అందరూ ఎన్ని టెరాబైట్లని అడుగుతారు. నన్నడిగితే, ఒకేసారి ఎన్ని క్లిప్పులు ప్లే కావాలన్నదే మొదటి ప్రశ్న. ఎడిటింగ్‌కు వాడే ప్రోరెస్ 422 హెచ్‌క్యూ వీడియో ఫార్మాట్‌లో సెకనుకు 24 ఫ్రేముల 4కె ఫుటేజీ సెకనుకు దాదాపు 88 మెగాబైట్లు లాగుతుంది. మామూలు గిగాబిట్ నెట్‌వర్క్ లైను మోయగలిగేది 110 చిల్లర మెగాబైట్లే. రెండో కెమెరా యాంగిల్ తెరవగానే వీడియో ఆగి ఆగి నడుస్తుంది. నలుగురూ తలా రెండు యాంగిళ్లు తెరిస్తే 700 దాటుతుంది. అందుకే సర్వర్ నుంచి స్విచ్‌కు 10 గిగాబిట్ లైను తప్పనిసరి, ఎడిటర్ల కంప్యూటర్లకూ అదే ఉంటే మంచిది. అంత ఖర్చు పెట్టలేకపోతే ప్రాక్సీలతో, అంటే అదే ఫుటేజీకి చేసిన చిన్న సైజు కాపీలతో కట్ చేసుకుని, వేగమైన లైను రంగులు దిద్దే కలర్ గ్రేడింగ్ కంప్యూటర్‌కు ఇవ్వండి. ప్రాక్సీలంటే చాలామందికి చిన్నచూపు. కథను కట్ చేయడానికి వాటితో ఏ లోటూ లేదు. గోడల్లో పాత క్యాట్ 5ఈ నెట్‌వర్క్ తీగలుంటే క్యాట్ 6ఏ వేయించండి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తాత్కాలికంగా తయారుచేసుకునే కాష్ ఫైళ్లు ఎవరి ఎస్‌ఎస్‌డీలో వారు పెట్టుకోవాలి.

చాలా డిస్కులను ఒకటిగా కలిపే రెయిడ్ 6 అమరికలో రెండు డిస్కులు పోయినా ఫుటేజీ నిలుస్తుంది. కానీ అది బ్యాకప్ కాదు. ఎవరైనా పొరపాటున ఫోల్డర్ చెరిపితే, వైరస్ ఫైళ్లకు తాళం వేస్తే, రెయిడ్ ఏమీ కాపాడదు. ఫైళ్ల పాత స్థితిని దాచిపెట్టే స్నాప్‌షాట్లు సర్వర్‌లో ఆన్ చేయండి. షూటింగ్ ఫుటేజీకి మూడు కాపీలుండాలి, అందులో ఒకటి వేరే భవనంలో ఉండాలి. 12 టెరాబైట్లు పట్టే ఎల్‌టీఓ-8 మాగ్నెటిక్ టేపులు ఇందుకు బాగా పనికొస్తాయి.

ఇక నీళ్లు. అద్దె తక్కువని, చల్లగా ఉంటుందని సెల్లార్‌లో సర్వర్ పెట్టకండి. 2020 అక్టోబరు వానకు నగరంలో ఎన్నో సెల్లార్లు మునిగాయి. కృష్ణానగర్ వీధుల్లో పెద్ద వాన పడితే నీళ్లెలా పారతాయో అక్కడ పనిచేసేవారికి చెప్పనక్కర్లేదు. పై అంతస్తులోనైనా ఏసీ కింద ర్యాక్ వద్దు, దాని పైపు మూసుకుపోతే నీళ్లు నేరుగా డిస్కుల మీదే కారతాయి.

ఈదురుగాలికి కరెంటు పోతే, రాస్తున్న ఫైలు చెడిపోవచ్చు. యూపీఎస్ ఒక్కటే చాలదు. దాని యూఎస్‌బీ తీగ సర్వర్‌కు తగిలిస్తే, బ్యాటరీ అయిపోకముందే సర్వర్ తనంతట తాను సవ్యంగా ఆగుతుంది. పని లేని ఆదివారం, ఎవరి ప్రాజెక్టూ తెరిచి లేనప్పుడు, మెయిన్ ప్లగ్ పీకి అది ఆగుతుందో లేదో చూడండి. అదే రోజు బ్యాకప్ టేపు నుంచి ఒక రోజు షూటింగ్‌ను వెనక్కి తెచ్చి, టైమ్‌లైన్‌లో పెట్టి, శబ్దంతో సహా చివరిదాకా ప్లే చేయండి.