బయటి నుంచి వచ్చిన అన్‌లాక్డ్ ఫోనుకు సిమ్ము, ప్రీపెయిడ్ ప్లాను: సమస్య - పరిష్కారం

కోనసీమలో గల్ఫ్ నుంచో అమెరికా నుంచో బంధువులు తెచ్చిన ఫోను లేని ఇల్లు తక్కువే. అటువంటి ఫోను చేతికి రాగానే అమలాపురం వెళ్లి, కొట్టువాడు చూపించిన సిమ్ము తీసుకుని, పెద్ద ప్లాను వేయించుకుని, ఇంటికి వచ్చాక పని చేయడం లేదని తల పట్టుకోవడం చాలామందికి అనుభవమే. లోపం ఫోనుదా, సిమ్ముదా, ప్లానుదా అన్నది ముందు తేలాలి. అందుకు ఇంట్లో ఇప్పటికే నడుస్తున్న సిమ్మును కొత్త ఫోనులోనూ, కొత్త సిమ్మును పాత ఫోనులోనూ వేసి చూస్తే చాలు.

సిమ్ము వేయగానే ‘సిమ్ నాట్ సపోర్టెడ్’ అని వస్తోంది, లేదా కోడ్ అడుగుతోంది

అన్‌లాక్ అంటే తెర తాళం తీయడమని కొందరు పొరబడతారు కాని, ఇక్కడ అన్‌లాక్డ్ ఫోను అంటే ఏ కంపెనీ సిమ్మునైనా అంగీకరించేది. విదేశంలో సిమ్ము కంపెనీ ద్వారా వాయిదాల మీద కొన్న ఫోను ఆ బాకీ తీరేదాకా లాక్‌లోనే ఉండవచ్చు. ఐఫోనులో సెట్టింగ్స్, జనరల్, అబౌట్ వరుసగా తెరిస్తే క్యారియర్ లాక్ ఎదుట ‘నో సిమ్ రిస్ట్రిక్షన్స్’ అని ఉండాలి. లేకపోతే ఫోను తెచ్చినవారి చేతనే అక్కడి కంపెనీకి చెప్పించి తీయించడం తప్ప మరో సక్రమమైన మార్గం లేదు. అమెరికాలో అమ్మే ఐఫోన్ 14, ఆ తరువాతి ఫోన్లకు సిమ్ము పెట్టే ట్రే ఉండదు కనుక, ఈ-సిమ్ (ముక్క పెట్టే పని లేకుండా ఫోనులోకే ఎక్కించే సిమ్ము) ఇచ్చే కంపెనీనే ఎంచుకోవాలి.

నెట్ వస్తోంది, కాల్ మాత్రం వెళ్లడం లేదు

జియోకు 2జీ, 3జీ లేవు; దాని మీద మామూలు కాల్ నడవాలంటే ఫోనులో వోల్టీ (4జీ మీదే కాల్ మాట్లాడే సదుపాయం) పని చేసి తీరాలి. 4జీ ఫోను అయినంత మాత్రాన మన దేశపు నెట్‌వర్కుకు వోల్టీ తెరిచి ఉంటుందన్న హామీ లేదు. సెట్టింగ్స్‌లో ఆ మీట కనిపిస్తే ఆన్ చేయాలి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఉంటే వేయాలి. అప్పటికీ కుదరకపోతే ఆ ఫోనుకు 2జీ కూడా నడుపుతున్న కంపెనీ సిమ్మే శరణ్యం.

పట్టణంలో నిండుగా ఉన్న సిగ్నల్ ఇంటికి రాగానే పోతోంది

మన డెల్టాలో అసలు చిక్కు ఇదే. ఎక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు దట్టమైన కొబ్బరితోటలనూ, మందపు గోడలనూ దాటి లోపలికి రావడం కష్టం. తక్కువ ఫ్రీక్వెన్సీవి కొంత మేలు. జియో 850, ఎయిర్‌టెల్ 900, బీఎస్ఎన్ఎల్ 4జీ 700 మెగాహెర్ట్జ్ తరంగాలు ఇటువంటి చోట అక్కరకు వస్తాయి, అయితే ఆ తరంగాలను అందుకునే బ్యాండు (వరుసగా 5, 8, 28 నంబర్లవి) ఫోనులోనూ ఉండాలి. ఫోను మోడల్ నంబరుతో వెతికితే బ్యాండ్ల పట్టిక దొరుకుతుంది. అంతకన్నా నమ్మకమైనది మన ఇరుగుపొరుగు: వేర్వేరు కంపెనీల సిమ్ములు అడిగి తెచ్చి, అరుగు మీద కాకుండా లోపలి గదిలో, అందరూ ఫోన్లు పట్టుకుని కూర్చునే రాత్రి 9 గంటల వేళ ఒక్కొక్కటీ వేసి చూడండి. నేను ఈ పని చేయకుండా కొట్టు ముందు కనిపించిన సిగ్నల్‌ను నమ్మి, మూడు నెలల ప్లాను డబ్బులు చెట్టెక్కి మాట్లాడవలసిన సిమ్ము మీద పోశాను.

గోదావరికి వరద వచ్చి కరెంటు పోయే లంక గ్రామాలవారు రెండు కంపెనీల సిమ్ములు పెట్టుకోవడం మంచిదే. కాని ఒకే టవరు మీద ఇద్దరు ముగ్గురు కంపెనీలవారు ఉండడం మామూలు. ఆ టవరు బ్యాటరీ అయిపోతే రెండు సిమ్ములూ ఒకేసారి మూగబోతాయి. రెండవ సిమ్ము వేరే టవరు నుంచి అందుతోందో లేదో చుట్టుపక్కలవారిని అడిగి తీసుకోండి.

రీచార్జి అయింది, నెట్ లేదు

ఏపీఎన్, అంటే ఫోనును కంపెనీ నెట్‌కు కలిపే పేరు, సెట్టింగ్స్‌లో తప్పుగా ఉండి ఉండవచ్చు. జియోకు ‘జియోనెట్’, బీఎస్ఎన్ఎల్‌కు ‘బీఎస్ఎన్ఎల్‌నెట్’ అని ఆంగ్ల చిన్న అక్షరాలలో కలిపి వ్రాసి, ఫోను ఆపి తెరవాలి.

నెల తిరగకుండానే గడువు తీరుతోంది

28 రోజుల ప్లానుతో ఏడాది గడవాలంటే 13 సార్లు వేయించాలి. 2022లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించిన మీదట ప్రతి కంపెనీ కనీసం ఒక 30 రోజుల ప్లాను ఉంచవలసి ఉంది; అడగనిదే కొట్టువాడు చెప్పడు. వాట్సాప్ జోలికి పోని తాతగారికి రోజుకు 2 జీబీ ఎందుకు? 2024 డిసెంబరులో ట్రాయ్ తెచ్చిన సవరణ వల్ల కాల్స్, ఎస్ఎంఎస్‌లకు మాత్రమే పనికివచ్చే ప్లాన్లు కూడా వచ్చాయి, వాటినే అడగండి.

పోర్టు (అదే నంబరుతో వేరే కంపెనీకి మారడం) పెడితే తిరస్కరిస్తున్నారు

పాత కంపెనీలో 90 రోజులు పూర్తి కాకపోయినా, సిమ్ము మార్పించుకుని 7 రోజులు గడవకపోయినా తిరస్కరిస్తారు. పోర్ట్ అన్న మాటను ఆంగ్లంలో టైపు చేసి, ఖాళీ వదిలి, మీ నంబరు చేర్చి 1900కు ఎస్ఎంఎస్ పంపితే వచ్చే కోడ్ 4 రోజులే చెల్లుతుంది. ఆలోగా కొత్త కంపెనీ కొట్టుకు వెళ్లాలి. మారే సమయంలో కొంతసేపు సిగ్నల్ ఉండదు కాబట్టి, బ్యాంకు ఓటీపీ అవసరమైన పనులు ముందురోజే ముగించుకోండి.