ఆఫీసుకు ఇంటర్నెట్ ఎంచుకోవడం – 3వ పాఠం: ముందు అప్‌లోడ్ సంగతి తేల్చండి

పోయిన పాఠంలో ఆఫీసులో ఒకేసారి ఎంతమంది నెట్ వాడతారో, ఏయే పనులకు వాడతారో ఒక కాగితం మీద రాసుకోమన్నాను. అది పక్కన పెట్టుకోండి, ఇవాళ దాన్ని చూస్తూ కంపెనీవాళ్ల ప్లాన్ చదువుదాం.

ప్లాన్‌లో పెద్దక్షరాల్లో వేసే అంకె దాదాపు ఎప్పుడూ డౌన్‌లోడ్‌దే. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 100 మెగాబిట్లు. 8 బిట్లు ఒక బైట్ కాబట్టి ఫైలు దిగేది సెకనుకు మహా అయితే 12.5 మెగాబైట్లు. ఇక్కడిదాకా సులువే. ఇంట్లో సినిమాలు చూసుకునేవాళ్లకు ఈ అంకె సరిపోతుంది. వ్యాపారానికి సరిపోదు, ఎందుకంటే వీడియో కాల్‌లో మన గొంతు అవతలివాళ్లకు చేరాలన్నా, బ్యాకప్ క్లౌడ్‌కి ఎక్కాలన్నా, ఆఫీసు సీసీ కెమెరాలను బయట ఉండి ఫోన్లో చూడాలన్నా అన్నిటికీ కావాల్సింది అప్‌లోడే.

లెక్క వేసి చూడండి. రోజూ 20 జీబీ బ్యాకప్ ఉందనుకుందాం, అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్. 20 జీబీ అంటే 1,60,000 మెగాబిట్లు, సెకనుకు 10 చొప్పున 16,000 సెకన్లు, అంటే దాదాపు నాలుగున్నర గంటలు. అదే అప్‌లోడ్ 100 ఉంటే అరగంట కూడా పట్టదు. కేబుల్ టీవీ లైను మీద వచ్చే నెట్‌లోనూ పాత ఫోన్ తీగ మీద వచ్చే డీఎస్‌ఎల్‌లోనూ అప్‌లోడ్ మామూలుగా డౌన్‌లోడ్ కంటే బాగా తక్కువ. ఫైబర్ ఈ విషయంలో చాలా నయం, కానీ ఫైబర్ అనగానే అంతా మనకే వస్తుందనుకోవద్దు. ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో 2.5 గిగాబిట్ల డౌన్‌లోడ్, 1.25 గిగాబిట్ల అప్‌లోడ్ ఒకే పోగు మీద వచ్చి 32 లేదా 64 కనెక్షన్లకు పంపకం అవుతాయి. ప్లాన్‌లో "వరకు" అన్న మాట ఉండేది అందుకే.

ఇప్పుడు ఒక పరీక్ష. నా దృష్టిలో స్పీడ్ టెస్ట్ కంటే ఇదే ముఖ్యం. కంప్యూటర్‌ను వైఫై మీద కాకుండా కేబుల్‌తో నేరుగా రూటర్‌కి కలపండి, లేకపోతే వైఫై లోపాన్ని లైను మీదకి తోసేస్తాం. కమాండ్ విండో తెరిచి 8.8.8.8 కి (ఇది గూగుల్ సర్వర్ అడ్రసు) పింగ్ పెట్టండి, అంటే ping 8.8.8.8 అని కొట్టండి. చిన్న సందేశం అక్కడికి వెళ్లి జవాబు రావడానికి ఎంతసేపు పట్టిందో అది చూపిస్తుంది. విండోస్‌లో పింగ్ నాలుగుసార్లు పోయి ఆగిపోతుంది, ఆగకుండా నడవాలంటే చివర ఖాళీ వదిలి ఒక హైఫన్, దాని పక్కనే చిన్న టి అక్షరం కొట్టాలి. వరసగా 12, 14, 13 మిల్లీసెకన్లు అని పడుతుంటాయి. అది నడుస్తుండగానే ఒక పెద్ద ఫైలు క్లౌడ్‌కి ఎక్కించడం మొదలుపెట్టండి. అంకెలు 30, 40 దగ్గర ఆగితే మంచి లైను. 300, 500 దాటిపోతున్నాయంటే రూటర్‌లోనో మోడెమ్‌లోనో డేటా క్యూ కట్టి ఆగిపోతోందని అర్థం, ఎవరో ఒకరు ఫైలు పంపినప్పుడల్లా మిగతావాళ్ల కాల్స్ తెగిపోయేది దీనివల్లే. ఇలాంటప్పుడు ఖరీదైన ప్లాన్‌కి మారిపోకండి. ముందు రూటర్‌లో ఈ క్యూను అదుపులో పెట్టే ఎస్‌క్యూఎం (SQM) అనే సెట్టింగ్ ఉందేమో చూసి, ఉంటే ఆన్ చేసి, అందులో అప్‌లోడ్ పరిమితిని అసలు వచ్చేదానికంటే పది శాతం తగ్గించి మళ్లీ పరీక్షించండి. చాలాసార్లు దీంతోనే పని అయిపోతుంది.

మరి లీజ్డ్ లైన్ తీసుకోవాలా? అందులో బ్యాండ్‌విడ్త్ ఎవరితోనూ పంచుకోనక్కర్లేదు, అప్‌లోడ్, డౌన్‌లోడ్ రెండూ సమానం, ధర మాత్రం చాలా ఎక్కువ. సర్వర్ మీ ఆఫీసులోనే ఉండి కస్టమర్లు దానికి బయటనుంచి కనెక్ట్ అవుతుంటే తీసుకోండి. పదిమంది పనిచేసే మామూలు ఆఫీసుకైతే వేర్వేరు కంపెనీల నుంచి రెండు సాధారణ ఫైబర్లు మేలని నేను గట్టిగా చెప్తాను. అయితే రెండు కేబుళ్లూ ఒకే స్తంభం మీదుగానో ఒకే గోతిలోంచో వస్తే తెగినప్పుడు రెండూ కలిసే పోతాయి, కాబట్టి ఏ దారిన వస్తాయో లైను లాగడానికి వచ్చిన మనిషినే అడగండి.

వచ్చే పాఠం లోపు పని: పింగ్ పరీక్ష పొద్దున ఒకసారి, ఆఫీసు బాగా బిజీగా ఉన్న వేళ ఒకసారి చేసి రెండు అంకెలూ అదే కాగితం మీద రాయండి. కంపెనీవాళ్లకు ఫోన్ చేసి అప్‌లోడ్ స్పీడ్ ఎంతో మెయిల్లో రాసి పంపమనండి. వచ్చేసారి ఆ మెయిల్‌తో పాటు ఒప్పందంలో నెట్ ఆగకుండా నడుస్తుందని వాళ్లు రాసే 99.9 శాతం హామీని విప్పి చూద్దాం.