కొత్త ప్లాట్‌ఫారం మీద దిగి పాత స్టేషన్‌ను చూడడం: ముంబయి వీటీ

హైదరాబాద్ నుంచి హుసేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్‌లోనో, విశాఖపట్నం, విజయవాడల మీదుగా వచ్చే కోణార్క్‌లోనో ముంబయి ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్‌లో (పాత పేరు విక్టోరియా టెర్మినస్, పొట్టిగా వీటీ) దిగే మనవాళ్లలో చాలామంది, 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఆ కట్టడాన్ని చూడకుండానే ఊళ్లోకి వెళ్లిపోతారు. దూరప్రయాణపు రైళ్లు 8 నుంచి 18 వరకు ఉన్న ప్లాట్‌ఫారాలకు వస్తాయి. తూర్పువైపున ఉన్న ఈ భాగానికి 1929 నాటి విస్తరణ మూలం. లోకల్ రైళ్ల 1 నుంచి 7 వరకు ప్లాట్‌ఫారాలు పడమటి వైపున, పాత భవనాన్ని ఆనుకొని ఉన్నాయి. కనుక ట్యాక్సీ కోసం తూర్పు ద్వారం పట్టకుండా, సామాను క్లోక్‌రూమ్‌లో అప్పగించి, కొత్తదాని నుంచి పాతదానివైపు నడవడమే ఈ స్టేషన్‌ను చూడడానికి సరైన పద్ధతి అని నా అభిప్రాయం.

ముందుగా రైలు దిగిన చోటే నిలబడి తలపైకి చూడాలి. ఇక్కడ ఉన్నవి రేకుల కప్పు, ఉక్కు దూలాలు, విద్యుత్ తీగలు మాత్రమే. ఇందులో అందం వెతకనక్కర లేదు కానీ, ఆ తీగలను చిన్నచూపు చూడరాదు, ఎందుకంటే భారతదేశపు తొలి విద్యుత్ రైలు 1925 ఫిబ్రవరి 3న ఈ స్టేషన్ నుంచే కుర్లాకు బయలుదేరింది. ప్లాట్‌ఫారం చివరి నుంచి లోకల్ రైళ్ల వైపు నడుస్తున్నప్పుడు ఎక్కడ రేకు ఆగి రాయి మొదలవుతుందో, ఎక్కడ చదునైన దూలం పోయి కొనతేలిన కమాను వస్తుందో గమనించాలి. పాత కట్టడానికి తరువాత కలిపిన చేర్పును గుర్తుపట్టడానికి ఆ అతుకును మించిన ఆధారం లేదు. ఉదయం ఆఫీసుల వేళ ఈ దారిలో ఎదురు నడవడం అసాధ్యం కనుక, తెల్లవారుజామున రైలు దిగినవారు ఈ పని వెంటనే ముగించుకోవాలి.

లోకల్ టికెట్లు ఇచ్చే హాలును స్టార్ ఛాంబర్ అంటారు. పైకప్పు మీది నక్షత్రాల వల్ల ఆ పేరు వచ్చింది. ఇటలీ పాలరాయిని, నునుపు పట్టిన మన నీలిరాయిని కలిపి ఈ హాలును అలంకరించారు. ఇక్కడ వరుసలో నిలబడినవారికి అడ్డు రాకుండా ఒక స్తంభం పక్కన చేరి, కమాను మొదలయ్యే చోట చెక్కిన ఆకులను ఒక్కొక్కటిగా చూడాలి. ఆకుల నడుమ వింత ముఖాలు, జంతువులు తొంగిచూస్తుంటాయి. ఈ భవనపు శిల్పపు పనిలో సర్ జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్ విద్యార్థుల చెయ్యి ఉంది. తీరిగ్గా చూస్తే, విక్టోరియా కాలపు గోథిక్ శైలి (కొనతేలిన కమానుల ఐరోపా నిర్మాణ పద్ధతి) రాతిలోకి మన నెమళ్లు, కోతులు ఎలా చేరాయో అర్థమవుతుంది.

ఆ తరువాత భూగర్భ నడకదారి గుండా రోడ్డు దాటి, మునిసిపల్ కార్పొరేషన్ భవనం ముందున్న కాలిబాట మీద నిలబడాలి. అదీ ఈ స్టేషన్ రూపశిల్పి ఫ్రెడరిక్ విలియం స్టీవెన్స్ గీసినదే. స్టేషన్ ముఖం పడమటికి ఉంది కనుక ఉదయం అది నీడలో ఉంటుంది. సాయంత్రపు ఎండ పడినప్పుడు ఇసుకరాయి, సున్నపురాయి రంగుల తేడా స్పష్టంగా తెలుస్తుంది. రాత్రివేళ వేసే రంగు దీపాలు ఫొటోలకు బాగుంటాయేమో గాని, రాతి పని చూడదలచినవారికి అవి అడ్డమే.

చూపును కింది నుంచి పైకి నడపాలి. ప్రవేశద్వారపు స్తంభాల మీద ఒకవైపు సింహం, ఒకవైపు పులి కూర్చుని ఉంటాయి: మొదటిది బ్రిటన్‌కు, రెండవది భారతదేశానికి గుర్తు. ఇరువైపులా ముందుకు చాచిన రెక్కలు మధ్యలో ఒక ముంగిలిని పట్టి ఉంచుతాయి, వాటి మూలల బురుజులు నడిమి గుమ్మటానికి తూకంగా నిలుస్తాయి. గడియారం కింద ఒక ఖాళీ గూడు కనిపిస్తుంది. విక్టోరియా రాణి విగ్రహం ఒకప్పుడు ఉండిన చోటు అది. 1887లో ఆమె పేరు పెట్టుకున్న స్టేషన్ 1996లో శివాజీ పేరుకు మారింది, అయినా పాత ముంబయివాసుల నోట ఇది ఇంకా వీటీయే. ఎనిమిది కోణాల రాతి గుమ్మటం మీద కుడిచేత కాగడా ఎత్తి, ఎడమచేత చువ్వల చక్రం పట్టుకున్న స్త్రీమూర్తి ప్రగతికి ప్రతీక.

ఒక రైల్వే స్టేషన్‌కు ఇంత గుమ్మటం ఎందుకన్న సందేహం రావడం సహజం. 1878లో మొదలై పదేళ్లు సాగిన ఈ నిర్మాణం ప్రయాణికుల కోసం మాత్రమే కాక, గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే కంపెనీ ప్రధాన కార్యాలయంగా కూడా తలపెట్టినది. 1871లో రాయచూరు దాకా పట్టాలు వేసి, కడప, గుంతకల్లుల మీదుగా వచ్చిన మద్రాసు రైలు మార్గాన్ని కలుసుకున్న కంపెనీ ఇదే. గుమ్మటం కింద ఉన్నది టికెట్ల హాలు కాదు, ఆ కార్యాలయపు మెట్ల దారి. నేడు అది మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం కనుక ఎప్పుడు పడితే అప్పుడు లోపలికి పోనివ్వరు. అక్కడి హెరిటేజ్ గ్యాలరీ సందర్శన వేళలను ముందుగా కనుక్కొని, పనిదినాన వెళ్లాలి. అనుమతి దొరికితే మెట్ల అడుగున నిలబడి నేరుగా పైకి చూడాలి. ఒక అంచు గోడలోకి దిగి, మరో అంచు కింద ఏ ఆధారమూ లేకుండా తేలుతున్నట్టుండే రాతి మెట్లు, వాటి పైన గుమ్మటపు లోపలి భాగం అంతా ఒకే చూపులో అందుతాయి.

తిరుగు ప్రయాణానికి మళ్లీ తూర్పు ప్లాట్‌ఫారాలకే వెళ్లాలి కనుక, అప్పుడు చేర్పులను మరొకసారి పరిశీలించవచ్చు. పాతదానిని అనుకరించబోయిన చేర్పుకన్నా, 1929 నాటి భాగంలా పక్కకు తొలగి తన పని తాను చేసుకునే చేర్పే మేలని నాకు అనిపిస్తుంది. ఈ స్టేషన్ పునరభివృద్ధికి కేంద్ర మంత్రివర్గం 2022 సెప్టెంబరులో ఆమోదం తెలిపింది. అందుచేత ఇప్పుడు వెళ్లేవారు తూర్పువైపు కప్పులను, నడకదారులను కూడా ఫొటో తీసి, తేదీ వేసి ఉంచుకోవడం మంచిది.