ఫ్రీమేసన్ లాడ్జిలో కొత్తగా చేరారా? రెండో డిగ్రీ లోపు నేర్చుకోవలసినవి

రాతిపనివాళ్ల పనిముట్లను నీతికి గుర్తులుగా వాడుకునే సోదర సంఘం సభ్యులే ఫ్రీమేసన్లు, పొట్టిగా మేసన్లు. వారి స్థానిక శాఖ లాడ్జి, సభ్యుడు ఒక్కొక్కటిగా ఎక్కే మెట్టు డిగ్రీ. మొదటి డిగ్రీ పుచ్చుకున్న సభ్యుడిని ఎంటర్డ్ అప్రెంటిస్ అంటారు. రెండో డిగ్రీ ఇచ్చేలోపు కొన్ని వారాల గడువుంటుంది. ఆ గడువులో ఏం చేయాలో, లాడ్జిలకు పై సంస్థ అయిన గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా కింది లాడ్జిల అలవాటు ప్రకారం చెబుతున్నాం. రహస్య సంకేతాలు, మాటలు ఇక్కడ రాయం. వాటిని లాడ్జిలోనే, మనిషి నోటి నుంచే వినాలి.

ముందు చరిత్రను, పురాణగాథను వేరు చేయండి

డిగ్రీల్లో బైబిల్లోని సొలొమోను రాజు ఆలయం ప్రస్తావన వస్తుంది. అది నీతి చెప్పడానికి అల్లిన గాథ. దాన్ని జరిగిన చరిత్రగా బయట చెబితే తెలిసినవాళ్లు ఒక్క ప్రశ్నతో ఆపేస్తారు. మేసన్లు మధ్యయుగపు క్రైస్తవ సైనిక సన్యాసులైన టెంప్లార్ యోధుల వారసులన్న మాటకూ ఆధారం లేదు.

కాగితం మీద దొరికేది వేరు. స్కాట్లాండ్ రాతిపనివాళ్ల లాడ్జిలకు రాజుగారి కట్టడాల అధికారి విలియం షా 1598, 1599ల్లో నిబంధనలు రాశాడు. ఉలి పట్టని పెద్దమనుషులూ తర్వాత చేరసాగారు. 1646 అక్టోబరు 16న వారింగ్టన్‌లో తాను మేసన్ అయ్యానని ఇంగ్లిష్ పండితుడు ఇలియాస్ ఆష్మోల్ డైరీలో రాసుకున్నాడు. లండన్‌లో నాలుగు లాడ్జిలు కలిసి 1717 జూన్ 24న గ్రాండ్ లాడ్జ్ పెట్టుకున్నాయని సంప్రదాయం. జేమ్స్ ఆండర్సన్ కూర్చిన నియమావళి 1723లో అచ్చయింది. పోటీపడుతున్న రెండు ఇంగ్లిష్ గ్రాండ్ లాడ్జిలు 1813లో ఒకటయ్యాయి.

మన దేశంలో మొదటి లాడ్జి 1730 ప్రాంతంలో కలకత్తా ఫోర్ట్ విలియంలో మొదలైంది. గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా ఏర్పడింది 1961 నవంబరు 24న. 1884లో కలకత్తా యాంకర్ అండ్ హోప్ లాడ్జిలో చేరిన నరేంద్రనాథ్ దత్తే తర్వాత వివేకానందుడయ్యారు. హైదరాబాదులో ఉన్నవారు గోషామహల్ బారాదరిని తప్పక చూడాలి. కుతుబ్‌షాహీల నాటి ఆ కట్టడమే అక్కడి మేసన్ల మందిరం.

ఏప్రాన్, పనిముట్లు

లాడ్జిలో నడుముకు కట్టుకునే మీ ఏప్రాన్ తెల్లటి గొర్రెపిల్ల తోలు, ఏ అలంకారమూ ఉండదు. వెడల్పు 14 నుంచి 16 అంగుళాలు, పొడవు 12 నుంచి 14. మామూలు సూటు వేసుకుంటే కోటు పైనుంచి కట్టాలి. కొత్తవాళ్లు కోటు కింద కట్టి దాన్ని సగం దాచేస్తారు. రెండో డిగ్రీలో రెండు లేత నీలి గులాబీ ముడులు చేరతాయి, మూడో డిగ్రీలో నీలి అంచు వస్తుంది.

మీ డిగ్రీ పనిముట్లు 24 అంగుళాల కొలబద్ద, సుత్తి, ఉలి. కొలబద్ద రోజులోని 24 గంటలను ప్రార్థనకు, పనికి, విశ్రాంతికి, ఇతరులకు సాయపడటానికి పంచుకోమంటుంది. మూలమట్టం, లెవెల్, తూకపు గుండు రెండో డిగ్రీవి. ముందే వాటి జోలికి వెళితే రెండు డిగ్రీల అర్థాలూ కలగాపులగమవుతాయి.

లోపల ఎలా మసలాలి

లాడ్జి అధ్యక్షుడైన మాస్టర్ తూర్పున, ఆయన తర్వాతి అధికారులైన సీనియర్ వార్డెన్ పడమట, జూనియర్ వార్డెన్ దక్షిణాన కూర్చుంటారు. బయట తలుపు దగ్గర కత్తితో నిలబడేవారు టైలర్. ఆలస్యమైతే తలుపు తోసుకుని వెళ్లకండి, టైలర్‌కు చెప్పండి. ఆయన లోపలికి కబురు పంపుతారు. లోపలికి వెళ్లగానే మాస్టర్‌కు అభివాదం చేసి, ఆ తర్వాతే కూర్చోవాలి. మధ్యలో వెళ్లాలన్నా ఆయన అనుమతి కావాలి. నడక గడియారం ముల్లు తిరిగే దిశలో సాగాలి, మూలల దగ్గర లంబంగా మలుపు తిరగాలి.

పీఠం మీద భగవద్గీత, ఖురాన్, బైబిల్, గురు గ్రంథ్ సాహిబ్, పార్సీల అవెస్తా ఉంటాయి. మతం, రాజకీయాల చర్చ లాడ్జిలో నిషిద్ధం. అన్ని మతాలవారు ఒకే గదిలో సోదరుల్లా కూర్చోగలుగుతున్నారంటే ఈ నియమమే కారణం. భోజనాల బల్ల దగ్గర కూడా దీన్ని సడలించకండి.

ప్రశ్నలకు జవాబులు

రెండో డిగ్రీకి ముందు నిండు లాడ్జిలో ప్రశ్నలు అడుగుతారు. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. కళ్లతో చదివి వచ్చేసిందనుకుంటారు, నిలబడి నోరు తెరవగానే మొదటి మాట దొరకదు. అందుకే నిలబడి, గొంతెత్తి వల్లించండి. మిమ్మల్ని సభ్యుడిగా ప్రతిపాదించిన మీ ప్రపోజర్‌ను ప్రశ్న అడగమనండి, వెంటనే జవాబు మొదలుపెట్టండి. రోజుకు రెండు ప్రశ్నలు చాలు, కానీ నిన్నటివి తిరిగి చెప్పాకే కొత్తవి ఎత్తుకోండి. మాటల వరుస మార్చి సొంత పదాలు పెట్టకండి. పక్కన నిలబడి సాయపడే అధికారి డీకన్ మెల్లగా అందించే మాట మీ వాక్యంలో ఇమడదు.

వేరే లాడ్జికి వెళ్లేటప్పుడు

మీ సెక్రటరీకి ముందే చెప్పండి. ఆ లాడ్జిది మన గ్రాండ్ లాడ్జ్ గుర్తించిన గ్రాండ్ లాడ్జేనా అని ఆయన చూస్తారు. మేసన్ పేరుతో గుర్తింపు లేని సంఘాలూ ఉన్నాయి కాబట్టి విదేశాలకు వెళ్లే తెలుగువారు దీన్ని అసలు మరవకూడదు. చందా బకాయి లేదన్న కాగితం వెంట ఉంచుకోండి. మిమ్మల్ని ఎరిగినవారు అక్కడ లేకపోతే పరీక్షించాకే లోపలికి రానిస్తారు. ఆ సాయంత్రం జరిగేది రెండో డిగ్రీ అయితే మీకు ప్రవేశం ఉండదు కనుక ఏ డిగ్రీయో ముందే కనుక్కుని బయలుదేరండి.