లువార్ కోటల దారిలో సైకిల్ ఎక్కే ముందు

ఫ్రాన్స్‌లో లువార్ నది వెంట కోటలు చూస్తూ సైకిల్ తొక్కే సీజన్ దగ్గరపడింది. బయలుదేరే ముందు ఇవి చూసుకోండి.

• అక్కడ కుడివైపున నడపాలి. రద్దీ రోడ్డు మీద ఇది గుర్తుంటుంది. ఖాళీ పల్లె రోడ్డులో ఫొటో కోసం ఆగి మళ్లీ ఎక్కేటప్పుడే తెలియకుండా ఎడమకు పోతాం. ప్రాణం మీదికి వచ్చేది అక్కడే. ఎక్కిన ప్రతిసారీ ‘కుడి’ అని పైకే అనండి.

• బోర్డు లేని కూడలిలో కుడి నుంచి వచ్చేవాళ్లకే దారివ్వాలి, అది చిన్న సందైనా సరే.

• ఇయర్‌ఫోన్స్ వద్దు. జరిమానా 135 యూరోలు. పైగా ఆ నిశ్శబ్దంలో వెనక కారు వస్తోందని చెప్పేది చెవులే.

• రిఫ్లెక్టివ్ జాకెట్, లైట్లు: రాత్రిపూట, పొగమంచులో ఊరి బయట జాకెట్ తప్పనిసరి. 12 ఏళ్లలోపు పిల్లలకు హెల్మెట్ కూడా.

• గాలి ఎక్కువగా పడమటి నుంచే వీస్తుంది. వీలైతే తూర్పుకు తొక్కండి, సాయంత్రానికి కాళ్లలో బలం మిగులుతుంది.

• ఆదివారం మధ్యాహ్నం, సోమవారం పల్లెల్లో చాలా దుకాణాలు మూసే ఉంటాయి. తిండి ముందే కొనుక్కోండి.

• టీజీవీ (ఫ్రాన్స్ హైస్పీడ్) రైలెక్కుతుంటే సైకిల్‌కు ముందే చోటు బుక్ చేయాలి.

• షాంబోర్ కోటకు సగం రోజైనా ఉంచుకోండి. కోటలో 400కు పైగా గదులు, దాని అడవి చుట్టూ 32 కిలోమీటర్ల గోడ. మూసేవేళకు ముందే లోపలికి పంపడం ఆపేస్తారు. మంచి తాళం లేకపోతే మనసంతా బయట సైకిల్ మీదే ఉంటుంది.