గ్రానైట్ దుమ్ములో మాస్కు: కొనడం, పెట్టుకోవడం, తీయడం

కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ షెడ్లలో ఎక్కువ మంది ముక్కుకు దస్తీనే కట్టుకుంటారు. కంటికి కనబడే దుమ్ముని దస్తీ కొంత ఆపుతుంది. ప్రాణం మీదికి తెచ్చేది మాత్రం కంటికి కనబడని దుమ్ము. గ్రానైట్‌లో క్వార్ట్జ్ అనే సిలికా ఖనిజం ఉంటుంది. రాయిని కోసినా, గ్రైండర్ పెట్టినా అందులోని సిలికా 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు రేణువులై గాల్లోకి లేస్తుంది. వాటిలో బాగా సన్నవి ఊపిరితిత్తుల అడుగుదాకా పోయి అక్కడే ఉండిపోతాయి. అలా వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్‌ను నయం చేసే మందు లేదు. ఈ జబ్బు బయటపడితే అధికారులకు తెలియజేయాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేది.

మాస్కు కంటే ముందు నీళ్లు. పెద్ద కటింగ్ మిషన్లు నీళ్లు పోస్తూనే కోస్తాయి, దుమ్ము తడిసి కిందే ఉండిపోతుంది కాబట్టి అక్కడ గొడవ తక్కువ. అంచులు దిద్దేటప్పుడు చేతి గ్రైండర్ పొడిగా తిప్పుతారు చూడండి, అసలు దుమ్మంతా అక్కడే. అలాగని మామూలు కరెంటు గ్రైండర్ మీద నీళ్లు పోయొద్దు, షాక్ కొడుతుంది. గాలితో తిరిగేదో, తడి పనికని తయారైనదో వాడాలి. మాస్కు ఉండగా నీళ్లెందుకు అనేవాళ్లకు చిన్న లెక్క. ముఖానికి బాగా పట్టిన ఎన్95 గానీ, ముక్కు, నోరు కప్పే రబ్బరు హాఫ్ మాస్కు గానీ దుమ్మును పదో వంతుకు తగ్గిస్తుందని లెక్కేస్తారు. గాల్లో దుమ్ము, ఉండదగిన హద్దుకు 30 రెట్లు ఉంటే, మాస్కు పెట్టుకున్నా 3 రెట్లు పీలుస్తున్నట్టే.

కొనేటప్పుడు దుమ్ము మాస్కులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 9473 గుర్తుతో ఎఫ్ఎఫ్‌పీ2 గానీ, అసలైన ఎన్95 గానీ తీసుకోండి. ఎఫ్ఎఫ్‌పీ1 రాతి పనికి చాలదు. చెవులకు తగిలించే రకం వద్దు, ముఖానికి బిగుతుగా పట్టదు. తల వెనక్కి రెండు పట్టీలు పోయేదే కావాలి. రోజంతా గ్రైండర్ పట్టేవాళ్లకు పీ3 లేదా పీ100 ఫిల్టర్లు పెట్టే రబ్బరు హాఫ్ మాస్కు మేలు. మొదట ఖర్చు ఎక్కువే అయినా తర్వాత ఫిల్టర్లు మారిస్తే సరిపోతుంది.

పెట్టుకునేటప్పుడు మాస్కును అరచేతిలో పట్టుకోండి. ముక్కు దగ్గరి రేకు వేళ్ల కొసల వైపు, పట్టీలు చేతి కిందికి వేలాడాలి. గడ్డం కింది నుంచి ముఖానికి ఆనించి, పై పట్టీని నడినెత్తికి కాస్త వెనగ్గా, కింది పట్టీని చెవుల కిందుగా మెడ వెనక్కి వేయండి. రెండు పట్టీలూ మెడ మీదే వేసుకుంటే మాస్కు కిందికి జారుతుంది. తర్వాత రేకును రెండు చేతుల వేళ్లతో మధ్య నుంచి బుగ్గల వైపు నొక్కుతూ రావాలి. చాలామంది ఒక చేత్తో చిటికెడు పట్టినట్టు నొక్కేస్తారు. అప్పుడు రేకు మధ్యలో మడతపడి రెండు పక్కలా సందు మిగులుతుంది. కళ్లద్దాలు మసకబారుతున్నాయంటే గాలి ఆ సందులోంచే పోతోందన్నమాట.

ఇక పరీక్ష. రెండు చేతులతో మాస్కును కప్పి గట్టిగా ఊదండి. ముక్కు దగ్గర గాలి తగిలితే రేకు మళ్లీ నొక్కాలి, అంచుల్లో తగిలితే పట్టీలు సర్దాలి. ముందు వైపు కవాటం (వాల్వు) ఉన్న మాస్కయితే ఊదకుండా గట్టిగా పీల్చి చూడాలి, మాస్కు లోపలికి లాగినట్టవ్వాలి. రబ్బరు మాస్కుకయితే ఫిల్టర్లను అరచేతులతో మూసి పీల్చి, 10 సెకన్లు ఊపిరి బిగపట్టండి. ముఖానికి అతుక్కునే ఉంటే సరే. ఇది పెట్టుకున్న ప్రతిసారీ చేయాల్సిందే.

గడ్డం పెంచుకున్నవాళ్లకు ఈ మాస్కులేవీ పట్టవు. రెండు రోజులు గీసుకోకపోయినా అంచు కింద సందు పడుతుంది. లోపల దస్తీ గానీ, సర్జికల్ మాస్కు గానీ పెట్టుకుని పైన ఎన్95 వేసినా అంతే సంగతి. ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టరుకు చూపించుకున్నాకే వాడాలి, ఎందుకంటే మాస్కులోంచి గాలి పీల్చడం మామూలు కంటే కష్టం.

మిషన్ ఆగగానే మాస్కు దించొద్దు. పెద్ద దుమ్ము కిందపడ్డా సన్నది గంటల తరబడి గాల్లోనే ఉంటుంది. అన్నిటికంటే చెడ్డ అలవాటు, పని అయ్యాక మాస్కు తీసేసి కంప్రెసర్ గాలితో బట్టలు దులుపుకోవడం. పొద్దంతా ఆపిన దుమ్మంతా అప్పుడు నేరుగా ముక్కులోకే పోతుంది. బట్టలు తడిగుడ్డతో తుడుచుకోండి, షెడ్డును నీళ్లు చల్లి ఊడ్వండి. షెడ్డు దాటాకే పట్టీలు పట్టుకుని మాస్కు తీయండి, ముందు భాగం ముట్టుకోవద్దు.

వాడి పారేసే మాస్కు ఒక షిఫ్టుకే. ఎండాకాలం చెమటకు తడిస్తే, ఊపిరి బరువైతే అంతకు ముందే మార్చాలి. ఉతికితే దాని వడపోత గుణం పోతుంది. రబ్బరు మాస్కును ఫిల్టర్లు తీసి గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి. కిరోసిన్, థిన్నర్ తగిలితే రబ్బరు పాడవుతుంది. ఆరాక, ఊదిన గాలి బయటికి పోయే కవాటం మూత తీసి చూడండి. లోపల నాణెమంత పలుచని రబ్బరు పొర ఉంటుంది. దాని కింద ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా, అంచు వంకరపోయినా పీల్చినప్పుడల్లా బయటి గాలి సీదా లోపలికొస్తుంది.

ఈ దుమ్ము మాస్కులు ఆవిరికి, విషవాయువులకు పనిచేయవు. వరంగల్ పత్తి చేలల్లో మందు కొట్టేవాళ్లకు ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జి (మందు ఆవిరిని పట్టేసే డబ్బా), దానికి తోడు దుమ్ము ఫిల్టరు కావాలి. కార్ట్రిడ్జిని వాడనప్పుడు గాలి చొరని సంచిలో మూసి, మందు డబ్బాలకు దూరంగా పెట్టాలి, లేదంటే షెల్ఫు మీద ఉండగానే అయిపోతుంది. మాస్కులో మందు వాసన తగిలిందంటే వెంటనే చేను దాటి బయటికి రావాలి. పాడుబడ్డ బావిలోకి, సెప్టిక్ ట్యాంకులోకి మాత్రం ఏ ఫిల్టరు మాస్కుతోనూ దిగొద్దు. అక్కడ ఆక్సిజనే ఉండకపోవచ్చు, ఫిల్టరు దాన్ని పుట్టించలేదు. లోపల మనిషి పడిపోయినా వెంట దూకకుండా ఫైర్ వాళ్లకు 101కి ఫోన్ చేయాలి.