క్వారీలో ప్రాణం కాపాడినవారికి జీవన్ రక్షా పతకం: ప్రతిపాదన రాసే పద్ధతి

చీమకుర్తి గ్రానైట్ క్వారీలో బండ జారినా, సైదాపురం వైపు పాత మైకా గుంతలో మనిషి ఇరుక్కున్నా ముందుగా దిగేది పక్కనున్న కూలీనే. అలాంటివారికి 1961 నుంచి కేంద్రం ఇస్తున్న జీవన్ రక్షా పతకాలున్నాయి. గనుల్లో జరిగే రక్షణ కూడా వాటి పరిధిలోకి వస్తుంది. ఆడా మగా తేడా లేదు. కాపాడబోయి చనిపోయినవారికీ ఇస్తారు.

పతకాలు మూడు. కాపాడినవారి ప్రాణానికి అత్యంత పెద్ద ముప్పు ఉంటే సర్వోత్తమ్, పెద్ద ముప్పు ఉంటే ఉత్తమ్, ఒంటికి తీవ్ర గాయమయ్యే ప్రమాదం ఉంటే జీవన్ రక్షా పదక్. ఎంతమంది బతికారన్నది ఒక్కటే లెక్క కాదు, దిగినవారికి ఎంత ముప్పు ఉందన్నది ముఖ్యం. ప్రతిపాదనలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. "ధైర్యంగా దూకి కాపాడాడు" అని రాస్తే ముప్పు ఎంతో తెలియదు. గుంత ఎన్ని అడుగుల లోతు, నీళ్ళు ఎంతవరకు ఉన్నాయి, పైన వేలాడే బండ ఉందా, తాడు కట్టుకున్నారా, లోపల ఎంతసేపు ఉన్నారు, ఎన్నిసార్లు దిగారు: ఇవి రాయాలి.

1989 నవంబరులో పశ్చిమ బెంగాల్‌లోని రాణీగంజ్ మహావీర్ బొగ్గుగనిలో నీళ్ళు చేరినప్పుడు ఇంజనీరు జస్వంత్ సింగ్ గిల్ కొత్తగా వేసిన బోరు గుండా ఉక్కు క్యాప్సూల్‌లో తానే కిందికి దిగి 65 మందిని పైకి పంపించారు. ఆయనకు సర్వోత్తమ్ ఇచ్చారు. క్యాప్సూల్ ఆలోచన ఎంత గొప్పదైనా, మనం రాసే ప్రతిపాదనకు పట్టుకోవలసింది ఆయన స్వయంగా దిగిన సంగతిని.

సాక్ష్యం మొదటి రెండు మూడు రోజుల్లోనే కూడగట్టాలి. పని మళ్ళీ మొదలైతే పొక్లెయిన్ ఆ చోటును చదును చేసేస్తుంది. మనిషి పక్కన నిలబడితే లోతు తెలిసేలా ఫొటోలు తీయండి. కళ్ళారా చూసిన ఇద్దరు ముగ్గురి వాంగ్మూలాలు విడివిడిగా, వారి మాటల్లోనే రాయించి సంతకాలు తీసుకోండి. అన్నీ ఒకే చేతిరాతతో, ఒకే వాక్యాలతో ఉంటే చదివేవారికి అనుమానం వస్తుంది. బతికి బయటపడిన వ్యక్తి వాంగ్మూలం తప్పనిసరిగా ఉండాలి. పోలీసు కేసు ఉంటే ఎఫ్ఐఆర్ నకలు, కాపాడినవారికి దెబ్బలు తగిలితే ఆసుపత్రి గాయాల సర్టిఫికెట్ జతచేయండి. చిన్న దెబ్బేలే అని ఆసుపత్రికి వెళ్ళకపోతే ఆ ముప్పుకు కాగితం మిగలదు.

పోలీసు, అగ్నిమాపక సిబ్బంది అయితే విధి నిర్వహణలో చేసినది లెక్కలోకి రాదు. డ్యూటీలో లేనప్పుడు చేసినదైతేనే పంపండి, ఆ మాట స్పష్టంగా రాయండి.

సిఫారసు చేయవలసింది రాష్ట్ర ప్రభుత్వం కాబట్టి అర్జీ కలెక్టర్‌కు ఇచ్చి, రసీదు తీసుకోండి. ఘటన జరిగిన రెండేళ్ళలోపే ప్రతిపాదన కేంద్రానికి చేరాలి. తహసీల్దారు విచారణ, పోలీసు నివేదిక, కలెక్టరేట్, సచివాలయం అంటూ ఫైలు తిరిగే కాలం కూడా అందులోనే పోతుంది. మొదటి నెలలోనే అర్జీ ఇచ్చి, ఫైలు నంబరు పట్టుకుని నెలకోసారి వెళ్ళి కనుక్కోండి.